వంటగది లేని చర్చి మనిషి

మా ఆడపడుచు వెర్డీకి మొండిఘటం అని పేరు పెట్టింది నేనే. వెనకాల కాదు, ముఖం మీదే అన్నాను. ఆవిడ నవ్వేసి, నీకు మాత్రం తక్కువా జోవెట్టా అంది. నిజమే, నాకూ తక్కువేం లేదు. కాకపోతే నాది నోట్లో ఉంటుంది, అరిచేశాక అయిపోతుంది. ఆవిడది ఎముకల్లో ఉంటుంది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే వెర్డీ బెల్‌క్రీక్ హైస్కూలు లంచ్‌రూమ్‌లో వంట చేస్తోంది. పోనుపోను ఆ లంచ్‌రూమ్ మొత్తం ఆవిడ చేతికే వచ్చింది. మా ఊళ్లో పెరిగిన వాళ్లెవరినైనా ఆపి అడగండి, వెర్డీ బన్నులు తినకుండా పెద్దయినవాడు దొరకడు. తెల్లారగానే పిండి కలిపేది. అది పొంగేదాకా ఆ గదిలో ఎవరినీ తలుపు దభాలున వెయ్యనిచ్చేది కాదు. ఓసారి ప్రిన్సిపాల్‌నే కసిరి బయటికి పంపింది. ఆయన పాపం కాఫీ కోసం వచ్చాడు.

భర్త విల్‌బర్న్ చెక్కల మిల్లులో ప్రమాదం జరిగి చిన్న వయసులోనే పోయాడు. ఒక్కగానొక్క కూతురు మెంఫిస్‌లో పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి నిలవలేదు. పసిపిల్ల ట్వైలాని తెచ్చి తల్లి ఒళ్లో పెట్టి, మళ్లీ మెంఫిస్ ఆసుపత్రిలో నర్సు పనికి వెళ్లిపోయింది. ఆ పిల్లని పెంచింది వెర్డీయే. ఇవేవీ కష్టాలని ఆవిడ ఎప్పుడూ ఏకరువు పెట్టలేదు. మధ్యాహ్నం బడి వదిలాక వరండాలో కూర్చుని, చిక్కుళ్ల ఈనెలు తీస్తూ పాడుకునేది. వాళ్ల చర్చిలో పియానో ఉండదు, ఉట్టి గొంతులతోనే పాడాలి. అందుకేనేమో వీధి చివరిదాకా వినిపించేంత గొంతు ఆవిడది. సంతోషంగా ఉన్న మనిషి ఎలా ఉంటుందో చూపించమంటే నేను ఆ వరండా చూపిస్తాను.

ఇక ఆ చర్చి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే వెర్డీ గురించి ఏం చెప్పినట్టూ కాదు.

మా మామగారు బ్రదర్ హాస్కెల్ కేగల్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్‌లో సంఘపెద్ద. ఆ చర్చి వెనక ఓ హాలు కట్టి, అందులో వంటగది పెట్టి, ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి భోంచేద్దామని కొందరికి ఆలోచన వచ్చింది. మా మామగారు ససేమిరా అన్నాడు. దేవుడి ఇల్లు ఆరాధనకి, తిండికి ఎవరి ఇళ్లు వాళ్లకున్నాయి, బైబిల్లో ఎక్కడుంది వంటగది, చూపించండి అన్నాడు. నేను బాప్టిస్టుల ఇంట్లో పుట్టిన దాన్ని. మా వాళ్లు ముందు వంటగది కట్టుకుని, తర్వాత దాని పక్కన చర్చి కట్టుకున్నారేమో అనిపిస్తుంది. అందుకని వీళ్ల గొడవ మొదటిసారి విన్నప్పుడు హాస్యమనుకుని పకపకా నవ్వాను. బల్ల చుట్టూ ఇంకెవరూ నవ్వలేదు.

చివరికి చర్చి రెండుగా చీలింది. మామగారు సగం మందిని వెంటబెట్టుకుని వెళ్లి రోడ్డుకి అవతల తెల్ల భవనం కట్టించాడు. అందులో మంచినీళ్ల కుళాయి కూడా పెట్టనివ్వలేదు. అప్పటినుంచి ఊళ్లో వాటి పేర్లు వంటగది చర్చి, వంటగది లేని చర్చి. వెర్డీ తండ్రితో వెళ్లింది. చెల్లెలు ఓనీటా ఇవతలే ఉండిపోయింది. ఉండక ఏం చేస్తుంది, ఆ వంటగదిలో పొయ్యి కొనిపెట్టింది ఆమె మొగుడే.

ఆ రోజునించి అక్కచెల్లెళ్లకి మాటల్లేవు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. ఎదురుపడితే తల ఊపేవారు, అంతే. మా ఆయన డోయిల్ వాళ్లిద్దరికీ తమ్ముడు. ఏ పక్షానా చేరడం ఇష్టం లేక ఆదివారం రాగానే గాలం పట్టుకుని చెరువుకి పోయేవాడు. దాంతో కబుర్లు మొయ్యడం నా నెత్తిన పడింది. అమ్మ కుట్టిన బొంత ఓనీటానే ఉంచుకోమని చెప్పు. టమాటా నారు మిగిలింది, వెర్డీకి కావాలేమో కనుక్కో. ఇలా ముప్పై ఏళ్ల పైచిలుకు నడిచింది. కౌంటీ మొత్తానికి అన్నం పెట్టిన మనిషి, చర్చి కప్పు కింద బిస్కెట్ ముక్క కొరకదు. ఆ మాట అంటే ఆవిడకి కోపం రాదు, అర్థం కాని పిల్లని చూసినట్టు నన్ను చూసేది.

మిస్టర్ ఎల్డన్ రక్కర్ మా ఊరివాడే. పత్తి మిల్లు పక్కింట్లో పుట్టాడు. జనం బెదిరి షేర్లు అమ్ముకుంటున్నప్పుడు ఈయన కొనేవాడని, ఎగబడి కొంటున్నప్పుడు అమ్మేవాడని, అలా లెక్కలేనంత సంపాదించాడని చెప్పుకుంటారు. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో కాపురం. అంత డబ్బున్నా పాత కవర్లు చింపి వెనకవైపు రాసుకునేవాడు. ఊరికొస్తే చవక భోజన హోటల్లోనే తినేవాడు. ఆ సంపాదనంతా చిత్రమైన పనికి పెట్టాడు. ప్రార్థన మనిషిలో ఏం చేస్తుంది, క్షమించడం ఎందుకంత కష్టం, కృతజ్ఞత ఉన్నవాడి బతుకు వేరేగా ఉంటుందా అని వెతికే పండితులకి ఇచ్చేవాడు. దేవుడి గురించి మనకి తెలిసింది చిటికెడే, మిగతాది వెతకద్దా అనేవాడు. దేవుడి గురించి సమాధానాలు చెప్పేవాళ్లకి డబ్బివ్వడం చూశాను కానీ ప్రశ్నలడిగేవాళ్లకివ్వడం ఇదే చూడటం అని వెర్డీ బుగ్గలు నొక్కుకుంది.

పుట్టిన ఊరి పిల్లలకి మాత్రం వేరే ఏర్పాటు చేశాడు. ఏటా హైస్కూలు పిల్లలు తాము ఏ నియమం మీద బతకాలనుకుంటున్నారో, దాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నారో వ్యాసం రాయాలి. కాగితం మీద పేరుండదు, అంకె ఉంటుంది. దిద్దేది పండితులు కాదు, దాణా కొట్టు ఆయన, నా జుట్టు కత్తిరించే ఆవిడ, మెథడిస్టు పాస్టరు, ఇలాంటివాళ్లు. గెలిచినవాళ్లు మే నెలలో జరిగే విందులో ఊరందరి ముందూ తమ వ్యాసం చదువుతారు. మొదటి ఏడాది ఓ పిల్లవాడు తన బడి బస్సు డ్రైవరు గురించి రాశాడు. చదవడం అవగానే ఆ డ్రైవరు ఉండబట్టలేక లేచి నిలబడిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటినించి అదే ఆనవాయితీ. ఎవరి దగ్గర నేర్చుకున్నానని పిల్లలు రాస్తారో వాళ్లు లేచి నిలబడాలి.

ఆ విందు జరిగేది లంచ్‌రూమ్‌లోనే, వండేది వెర్డీయే. వేపిన కోడి, చిక్కుళ్లు, మొక్కజొన్న, బన్నులు, తియ్యటి ఐస్ టీ. ఏడాది మొత్తంలో ఆవిడకి అదే పండగ. పిల్లలు చదువుతుంటే వడ్డించే కిటికీ దగ్గర నిలబడి, ఏప్రన్‌తో కళ్లు ఒత్తుకుంటూ వినేది.

మిస్టర్ ఎల్డన్‌కి ఓ అలవాటుంది. కనపడిన ప్రతివాళ్లనీ, ఈ ఏడాది మీరు దేని గురించి మనసు మార్చుకున్నారు అని అడిగేవాడు. నన్నడిగితే పిండివంటకి వాడే వనస్పతి రకం మార్చానని చెప్పాను. అదీ కవరు మీద రాసుకున్నాడు. వెర్డీని అడిగితే, మార్చుకోవలసినవి నా దగ్గరేం లేవు మిస్టర్ ఎల్డన్ అంది. ఆయన నవ్వాడు. ప్రతి ఏడూ అడిగేవాడు, ప్రతి ఏడూ అదే జవాబు.

ట్వైలా హైస్కూలు చివరి సంవత్సరంలో ఉండగా ఏప్రిల్‌లో సుడిగాలి వచ్చి లంచ్‌రూమ్ కప్పు ఎత్తుకుపోయింది. ఆదివారం కాబట్టి సరిపోయింది, ఎవరికీ ఏం కాలేదు. కానీ విందు ఎక్కడ పెట్టాలి? అంతమంది పట్టే హాలు, అన్ని పొయ్యిలు, ఊళ్లో ఒకే చోట ఉన్నాయి. వంటగది చర్చిలో. కమిటీవాళ్లు అదే ఖాయం చేసి, వెర్డీకి చెప్పడానికి ధైర్యం చాలక నన్ను పంపారు.

వెర్డీ విని, బన్నులు ఇంట్లో చేసి పంపిస్తాను, నేను రాను అంది. అంతే. వాదించలేదు, విసుక్కోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మీ నాన్న పోయి ఇన్నాళ్లయింది, ఇంకా ఎవరికోసం ఈ పంతం అని గట్టిగానే అడిగాను. ఆవిడ చిక్కుళ్లు తుంచడం ఆపలేదు. నేను ఆ గదిలో కూర్చుని తింటే, ఇన్నాళ్లూ నమ్మినదంతా ఉత్తదే అని చెప్పినట్టు కాదా అంది. నిజంగా తప్పని తోస్తే రేపే వెళ్లి తింటాను, తోచనప్పుడు ఎలా తినను అంది. నేను గేటు ధడేలుమని వేసి వచ్చేశాను.

వారం తిరక్కుండా తెలిసింది, గెలిచినవాళ్లలో ట్వైలా ఉందని.

ఆ సాయంత్రం భోజనానికి మేమూ అక్కడే ఉన్నాం. ట్వైలా కంచం పక్కకి జరిపి, గ్రానీ, నేను రాసింది నీ గురించే అంది. వెర్డీ ముఖం విప్పారింది. పిల్ల అక్కడితో ఆగలేదు.

"నీకు నచ్చకపోవచ్చు. అయినా అది మార్చలేను, నిజం అదే కనక. నువ్వు అక్కడ లేకుండా మాత్రం చదవలేను. నువ్వొస్తావా?"

వెర్డీ ఏం రాశావో చూపించమనలేదు. ఆలోచించుకోనీ అమ్మా అంది. ఆలోచించుకుంటానని ఆవిడ అనడమే మాకు వింత. మా ఆయన నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని నావైపు చూశాడు.

విందుకి రెండు రోజుల ముందు మిస్టర్ ఎల్డన్ వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు, తిన్నగా వెర్డీ వరండాకే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను అక్కడే చిక్కుళ్ల బుట్టతో ఉన్నాను. వెర్డీ అడగక అడగక అడిగింది, పక్క ఊరి పెద్ద హోటల్లో పెట్టకూడదా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. హోటలు ధరలు వింటేనే తనకి ఒళ్లు జలదరిస్తుందన్నాడు. తర్వాత నవ్వు ఆపి అసలు మాట చెప్పాడు.

"మిస్ వెర్డీ, పిల్లలు దేని మీద నిలబడాలో వాళ్లంతట వాళ్లు తెలుసుకోవాలని నేను ఈ డబ్బు పెట్టాను. మీ మనవరాలు తెలుసుకుంది. మీరు దేని మీద నిలబడతారో అది మీ ఇష్టం. హోటల్లో పెట్టి ఆ నిర్ణయాన్ని నా డబ్బుతో తప్పిస్తే ఇక ఈ పోటీకి అర్థమేముంది?"

వెర్డీ సరేనన్నట్టు తల ఊపింది. ఆయన లేవలేదు. మీరు పొరబడ్డారేమోనని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాడు. ఎత్తిపొడుపు లేదు, తెలుసుకుందామనే అడిగాడు. నేనైతే బుట్ట ఎత్తి నెత్తిన వేసేదాన్ని. వెర్డీ మాత్రం చెప్పింది.

"నాన్న పోయిన రోజు అనిపించింది. ఓనీటా అరటిపండు పుడ్డింగ్ చేసి తెచ్చింది. నాన్నకి ప్రాణం అది. వంటగది చర్చి మనిషి చేసిందని మా వాళ్లెవరూ దాన్ని ముట్టుకోలేదు. నేను సామాన్ల గదిలో తలుపు వేసుకుని ఓ చెంచా తిన్నాను. ఇంత ప్రేమగా చేసిన మనిషి దేవుడికి దూరం ఎలా అవుతుందా అనిపించింది."

ఇన్నేళ్లలో నాకు ఆ మాట చెప్పలేదు. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. మిస్టర్ ఎల్డన్ జేబులో కవరు కోసం తడుముకుని, మళ్లీ చెయ్యి బయటికి తీసేశాడు. నమస్కారం చెప్పి వెళ్లిపోయాడు.

విందు రోజు బన్నుల ట్రేలు నేనూ మా ఆయనా మోశాం. వంటగదిలో ఓనీటా పెత్తనం. తెల్లటి ఏప్రన్ కట్టి, ఎవరినీ కుదురుగా నిలబడనివ్వకుండా తరుముతోంది. అచ్చం అక్కే. బన్నుల మీది గుడ్డ తీసి, వాసన చూసి, మళ్లీ కప్పింది.

జనం వచ్చి కూర్చున్నారు. ప్రార్థన అయింది. పళ్లేలు నింపుకుంటుండగా తలుపు తెరుచుకుంది. వెర్డీ. ఆదివారం తొడుక్కునే నీలం గౌను, చేతిలో సంచీ. మాటలు ఒక్కసారి ఆగిపోయాయి. ఆవిడ ఎవరి వంకా చూడకుండా చివరి బల్ల దగ్గరికి నడిచి కూర్చుని, తన ముందున్న పళ్లేన్ని బోర్లించింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. తినడానికి రాలేదు, వినడానికి వచ్చింది. జనానికి అర్థమైంది. చెంచాల చప్పుడు మళ్లీ మొదలైంది కానీ అందరూ మర్యాదగా, దొంగతనంగా నమలడం మొదలెట్టారు.

తన బన్నులే చుట్టూ అందరూ తింటుంటే, మెడ నిటారుగా పెట్టుకుని ఆవిడ అలా కూర్చుంది. మొండిఘటం అన్నది నేనే కదా. ఆ క్షణాన ఎవరైనా ఆవిణ్ణి ఆ మాట అంటే పీక నులిమేదాన్ని.

ఓనీటా వడ్డన కిటికీలోంచి అంతా చూసింది. అందరికీ వడ్డించడం అయ్యాక ఏప్రన్ విప్పి, బయటికి వచ్చి, అదే బల్లకి రెండో చివర కూర్చుంది. ఆమె కూడా పళ్లెం తెచ్చుకోలేదు. తన వంటగదిలో, తన మొగుడు కొన్న పొయ్యి మీద తానే వండిన భోజనం. ముట్టుకోలేదు.

ట్వైలా లేచింది. గొంతు అచ్చం గ్రానీది, స్థిరంగా ఉంది.

"మా గ్రానీ ఒకటి నమ్ముతుంది, గ్రానీ చెల్లెలు ఇంకొకటి నమ్ముతుంది. రెండూ నిజమయ్యే వీల్లేదు. అంటే ఇద్దరిలో ఒకరిది తప్పు. ఎవరో తెలుసుకోవాలని చాలా చదివాను, పెద్దవాళ్లని అడిగాను. ఇంకా తెలియలేదు. నాకు జ్వరమొస్తే మంచం పక్కన కూర్చున్నది ఒకరు. ప్రతి పుట్టినరోజుకీ గౌను కుట్టి జోవెట్టా ఆంటీ చేత పంపించింది ఇంకొకరు. ఆ గౌన్లు ఎక్కడివో గ్రానీకి తెలుసు. అడక్కుండా ఇస్త్రీ చేసి తొడిగేది."

అక్కడ ఆగి మంచినీళ్లు తాగింది. నేను వెర్డీ వంక చూడలేకపోయాను. పిల్ల మళ్లీ అందుకుంది.

"అంత మంచి మనిషి పొరబడగలిగితే నేనూ పొరబడగలను. అందుకని నేను పెట్టుకున్న నియమం ఇది. ఎవరితో వాదించినా, తప్పు నాదేమో అనుకునేంత చోటు మిగుల్చుకుంటాను. ఇది నాకు నేర్పింది ఆ ఇద్దరిలో పొరబడ్డ మనిషే. ఆవిడ ఎవరైనా సరే, ఆవిడంటే నాకు ప్రాణం."

చదవడం అయిపోయింది. చప్పట్లు లేవు. ఆనవాయితీ ప్రకారం నేర్పిన మనిషి లేవాలి. నేర్పింది పొరబడ్డ మనిషి, లేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. రెండు చర్చిలవాళ్లూ అదే గదిలో ఉన్నారు. ముప్పై ఏళ్లు ఒక మాట మీద నిలబడినవాళ్లు, వాళ్ల పిల్లలు, వాళ్ల మనవలు. పాస్టరుగారు కూడా నేల చూపులు చూస్తున్నాడు. ట్వైలా కాగితం గుండెకి అదుముకుని నిలబడింది, పాలిపోయి.

వెర్డీ బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచింది. లేచి చూస్తే, అవతల ఓనీటా కూడా నిలబడి ఉంది.

ఎవరు ముందు లేచారన్నది మా ఊళ్లో ఇప్పటికీ తెగని వాదన. వంటగది చర్చివాళ్లు మా ఓనీటాయే ముందు తప్పు ఒప్పుకుందంటారు. వంటగది లేని చర్చివాళ్లు కాదు, మా వెర్డీయే అంటారు. నేను కళ్లారా చూశాను కానీ చెప్పను. నిజంగా నాకూ తెలీదు. కళ్లనిండా నీళ్లున్నాయి.

ఆ తర్వాత గోలగోలగా చప్పట్లు, కౌగిలింతలు, ఫొటోలు. అక్కచెల్లెళ్లిద్దరూ మాత్రం ఒకరినొకరు చూసుకుని, తల ఊపి, మళ్లీ కూర్చున్నారు. ఇంతేనా అనుకున్నాను. బహుమతులిచ్చాక వెర్డీ నన్ను గిల్లి, పద ఇంటికి, ఆకలేస్తోంది అంది.

బయట ఇంకా వెలుతురు ఉంది. మా బ్యూక్ కారు వెనక సీట్లో వెర్డీని కూర్చోబెట్టి, నేను ముందు కూర్చుని తాళం తిప్పబోతుంటే ఎవరో మోచేత్తో అద్దం తట్టారు. ఓనీటా. రెండు చేతుల్లో రెండు పళ్లేలు, పైన వెండిరంగు రేకు చుట్టి ఉన్నాయి. వెర్డీ అద్దం దించింది.

"ఇది చర్చి కాదు, కారు. ఇందులో తినొచ్చా?" అంది ఓనీటా. అన్నేళ్ల తర్వాత అక్కతో నేరుగా అన్న మొదటి మాట అదే.

వెర్డీ పక్కకి జరిగింది. ఎక్కు, చల్లారిపోతుంది అంది.

ఒళ్లో పళ్లేలు పెట్టుకుని ఇద్దరూ తిన్నారు. కోడి ముక్కలు, చిక్కుళ్లు, నా సీటు మీద గ్రేవీ. నేను నోరు మూసుకుని స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఓనీటా బన్ను తుంచి నోట్లో పెట్టుకుని, రెండుసార్లు నమిలి ఆగింది.

"ఉప్పు తగ్గించావేం?"

"డాక్టరు తగ్గించమన్నాడు. చప్పటి తిండి తిని తిని చెయ్యి అలాగే అలవాటైపోయింది."

"ఎందుకు తగ్గించమన్నాడు? గుండెకా?"

వెర్డీ తల ఊపింది. ఓనీటా పళ్లెం కింద పెట్టేసింది. ఎన్నాళ్లయింది, ఏ డాక్టరు, ఏం మందులు అని గుక్కతిప్పుకోకుండా అడిగింది. నా భుజం మీద ఓ దెబ్బ కూడా వేసింది, చెప్పలేదని. వెర్డీయే చెప్పొద్దందని నేను మొత్తుకున్నా వినిపించుకోలేదు. చివరికి అక్క మణికట్టు పట్టుకుని, సోమవారం ఆ డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను, కాదన్నావంటే ఊరుకోను అంది.

వెర్డీ సరే అంది. ఎందుకు, ఏమిటి అని అడ్డం తిరగకుండా ఆవిడ నోటినుంచి సరే అన్న మాట నేను విన్నది అదే మొదటిసారి.